పిట్టగోడ మీద గ్లాసు

అజ్రూలో మంచు పడ్డాక
పుదీనాకి నోరు పడిపోతుంది.
ఆకు ఉంటుంది, వాసన పలకదు.

ఇత్తో మేడ మీద ఏడు నూనె డబ్బాలు.
ఒకదాంట్లో నిమ్మవాసన లూయిజా, ఇప్పుడు ఒట్టి పుల్ల.
ఇంకోదాంట్లో మేక కొరికి వదిలిన మొదలు.
ఆ మేక పక్కింటి తూదాది.
అప్పట్నుంచి రెండిళ్ళకీ మాటల్లేవు.
చివర్న శీబా, మన మాచిపత్రికి అక్క వరస,
బూడిద రంగు మొండిది,
మంచు దులుపుకుని నిలబడింది.

రాత్రి గోడవతల తూదా దగ్గు.
ఆగి, మళ్ళీ.
ఇత్తో ముసుగు బిగించుకుంది.
నాలుగోసారికి లేచింది.

దీపం అక్కర్లేదు.
వేళ్ళు ఆకు నలిపి ముక్కుని అడుగుతాయి:
ఇది కాదు. ఇదీ కాదు. ఆఁ, ఇదే.

రెండు రెమ్మలు చాలు,
మూడోది వేస్తే నాలుక తిడుతుంది.
పంచదార గడ్డని సుత్తితో కొడుతుంటే
అవతల దగ్గు ఆగింది, చెవి ఒగ్గినట్టు.

పిట్టగోడ మీద గ్లాసు పెట్టి
రాయితో రెండు దెబ్బలు కొట్టి
వెనక్కి చూడకుండా దిగొచ్చేసింది.

పొద్దున గ్లాసు కడిగి ఉంది.
అందులో తడిగుడ్డ చుట్టిన పుదీనా పిలక,
వేరుతో సహా.

వాసన చూసింది ఇత్తో.
"ఇది నాదే! మేక తినేసిందన్నావు కదే దొంగా!"
గోడకి వినపడేంత గట్టిగా అని
ఖాళీ డబ్బా వెతకడానికి వంగింది.