అద్దం మీద రాష్ట్రాలు

జనవరిలో అద్దం గీకుతాడు నఫీయు.
పాత ఏడాది స్టిక్కర్లు బ్లేడుకి ఒక పట్టాన లొంగవు,
జిగురు గోళ్లలోకి పోతుంది.
చదువు రాదు, రంగే గుర్తు:
పచ్చది కెబ్బీ, ఎర్ర అంచుది నైజర్,
ఏనుగు బొమ్మది ఎవరిదో తెలీదు,
అది లేకపోతే మాత్రం కొడతారు.

ఏప్రిల్‌కి అద్దం మళ్లీ నిండింది.
డ్రైవర్ లవాలీకి మిగిలింది
అరచేయంత ఖాళీ.
అందులోంచే దేశాన్ని చూస్తూ తోలుతున్నాడు
సొకోటో నుంచి లాగోస్‌కి.
వెనకాల మూడొందల బస్తాల ఉల్లి
ఘాటుగా ఊపిరి తీస్తోంది.

రోడ్డుకి అడ్డంగా మేకుల చెక్క.
చెక్కకి కట్టిన తాడు చివర ప్లాస్టిక్ కుర్చీ,
కుర్చీలో ఎవరో ఒకరు.
"ఏం తెచ్చావ్?"
"ఉల్లిపాయలు."
"మా రాష్ట్రంలోకా?"
లవాలీ నవ్వాడు. నవ్వుకి ఇంకా పన్ను లేదు.
జేబులోంచి తీసిన నోటు మాత్రం
ఈ చేతి నుంచి ఆ చేతికి
ఏ కాగితమూ చూపించకుండా దాటిపోయింది.

జెబ్బా వంతెన కింద నది వెడల్పుగా పోతోంది.
నఫీయు తల బయటపెట్టి అడిగాడు:
"దీన్నెవరూ ఆపరా?"
"ఆపకేం. పైన ఆనకట్ట ఉంది."

ఒగ్బోమోషో దగ్గర రెండు రాత్రులు.
ఒక రశీదు మీద తేదీ తప్పట.
తప్పు రాసినవాడు సెలవులో ఉన్నాడట.
వాన పడింది. టార్పాలిన్ కింద బస్తాలు వేడెక్కాయి.
మూడోనాటి పొద్దున గోనె సందుల్లోంచి
పచ్చటి మొలకలు తొంగిచూశాయి,
ఇదే రాష్ట్రమో అని.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు.
తల్లినైనా సరే
ఇన్నిచోట్ల దింపి, విప్పి, లెక్కపెడితే
చేయడానికి ఏం మిగులుతుంది?

మైల్ ట్వెల్వ్ మార్కెట్లో మొరెనికే
ఒక పాయని నొక్కి, వాసన చూసి, పక్కన పడేసింది.
ధర విని అరిచింది:
"బంగారం పండిస్తున్నారా మీ ఉత్తరాన?"
లవాలీ మాట్లాడలేదు.
రశీదుల కట్ట తీసి ఆమె గంపలో పెట్టాడు.
ఒక్కొక్కటే తిప్పింది. ఒకచోట వేలు ఆగింది.
"ఇది మా అన్న రాత.
అంకెలు వాడికి చిన్నప్పట్నుంచీ కుదరవు."
కాసేపాగి,
"నలుగురు పిల్లలు వాడికి" అంది.
ఇక బేరమాడలేదు.
మొలకెత్తినవి మాత్రం సగం ధరకే తీసుకుంది.

తిరుగుదారిలో బండి ఖాళీ.
ఖాళీకీ ఒక స్టిక్కరుంది, నీలం రంగుది.
ఎక్కడ అంటించాలా అని
నఫీయు అద్దమంతా తడుముతున్నాడు.
లవాలీ సీట్లో కొంచెం
పక్కకి జరిగి కూర్చున్నాడు.