టోకు ధర

ఇండెంటు మీద నలభై అని ఉండె.
సర్దారు రాత. సున్నా పక్కన బొగ్గు వేలిముద్ర.
నేను ఎర్ర పెన్నుతోని నలభై కొట్టేసి
ఇరవై అయిదు రాసిన.
నెలాఖరు. బడ్జెట్టు అడుగంటింది.
మిగిలిన పదిహేను రూఫ్ బోల్టులు వచ్చే నెల చూద్దామన్న.
ఎవ్వలూ ఏమనలే.
మందమర్రిల ఆ పొద్దు
ఎండ తప్ప వేరే ముచ్చట లేదు.

ఆరో రోజు, రెండో షిఫ్టుల
మూడో డీపు మలుపు కాడ
కప్పు ముందుగాల చిటచిటమన్నదట.
బొగ్గు మాట్లాడితే బానయ్యకు ఎరుకే,
పద్దెనిమిదేండ్లు బాయిల పండిన చెవి.
పక్కనున్న పిలగాన్ని గుంజి అవతల పారేసిండు.
తన కుడి చెయ్యి మాత్రం
టబ్బు అంచు మీద మరిచిపోయిండు.

నివేదిక నా టేబులు మీదికే వచ్చింది.
ఆగిన పని: ఒకటిన్నర షిఫ్టు.
తియ్యని బొగ్గు: మూడు వందల పది టన్నులు.
వంగిన టబ్బు ఒకటి, నలిగిన క్యాప్ ల్యాంపు ఒకటి.
ల్యాంపు ధర వెంటనే దొరికింది,
పాత బిల్లు ఫైలులనే ఉండె.
కారణం అన్న గడిల
‘భూగర్భ పరిస్థితులు’ అని టైపు కొట్టి ఉండె.
నేను దిద్దలే.
చేతి ధరకు వేరే పుస్తకం తెరవాలె.

చూపుడు వేలికి పద్నాలుగు శాతం.
నడిమి వేలికి పన్నెండు.
ఉంగరపు వేలికి ఏడు.
కూడితే ముప్పై మూడు.
అదే పట్టికల ఇంకో వరుస ఉన్నది:
ఒక్క చేతివే మూడు వేళ్లు పోతే
ముప్పై.
కండ్లద్దాలు తుడుచుకొని మళ్లా చదివిన.
మంచిర్యాల అంగట్ల
డజను గాజులు కొంటే రెండు కొసరేసినట్టు
ఈడ మూడు వేళ్ల మీద
మూడు శాతం తగ్గింపు.

గట్టక్క వచ్చి తన లెక్క నోటితోనే చెప్పింది.
కాయితం అడగలే.
దవాఖాన మందులు కంపెనీవే సారూ,
ఆటోలు మావి.
నలభై ఒక్క దినం రామకృష్ణాపూర్‌కు అన్నం డబ్బా మోసిన,
కైకిలి పోలే.
చిట్టి రెండు నెలలు తప్పింది,
నూటికి మూడు మిత్తికి తెచ్చి కట్టిన.
ఎడమ చేత్తోని తినుడంటే ఆయనకు శరం.
నేనే కలిపి ముద్ద పెడుత.
చిన్నది చూసి, నాకూ పెట్టు అని
బాపు పక్కన కూసుంటది, నవ్వుకుంట.
ఇంకేమి చెప్పలే.
దీన్ని ఏ ఖాతల రాస్తరు అని అడుగుతదేమో అని
నేను తల దించుకొని
రబ్బరు స్టాంపు తుడుస్తున్న.

ఇప్పుడు బానయ్య నా దగ్గర్నే, స్టోర్సుల.
పైపని. కింది అలవెన్సు లేదు.
బొటనవేలికీ చిటికెన వేలికీ నడుమ
ఒక్కొక్క బోల్టు ఇరికిచ్చి రాకుల పేర్చుతడు.
చేతుల నుంచి జారితే గచ్చు మీద మోగుతది.
ఆ సప్పుడుకు మొదట్ల అందరం తిరిగి చూసెటోళ్లం.
ఇప్పుడు నేనొక్కన్నే చూస్త.

నిన్న చాయ తాగుకుంట
‘సారూ, గిదొక్కటి ఎంత పడుతది?’ అన్నడు,
అంగట్ల సొరకాయ బేరమాడినట్టు.
పైసలతో సహా నాకు ఎరుకే.
పదిహేనుతోని గుణిస్తే ఎంతో అదీ ఎరుకే.
ఆ నెల గెస్ట్‌హౌసుకు కుట్టిచ్చిన పరదాల కన్న తక్కువ.

‘రిజిస్టరుల చూడాలె’ అన్న.

రిజిస్టరు ఆయన చంకలనే ఉండె.