సున్నా టికెట్టు

గుత్తిలో ఆరూ యాభైకి బండి.
కండక్టరు వన్నూరప్ప నా ఆధారు కార్డు వంక చూడకుండానే
మిషను నొక్కి చింపిస్తాడు.
గుత్తి నుంచి అనంతపురం, మహిళ ఒకరు, సున్నా రూపాయలు.
రెండు వేళ్ల వెడల్పు కాగితం.
వెనకాలంతా తెలుపే.

మొదట ఆ సున్నానే గీసినాను.
ఎండకు పట్టుకుంటే వెనక్కి కనబడే సున్నా.
రెండు కళ్లు పెడితే డ్రైవరు గుండు,
తొడిమ పెడితే బుడంకాయ.
ఆ పొద్దు ఏం తోచక గీసిందే.
తర్వాత ఊరుకోలేకపోయినాను.

బస్సులో గీయడమంటే
సగం గీత నాది, సగం రోడ్డుది.
పామిడి ఊళ్లోకి తిరిగే మలుపులో
ఎవరి ముక్కయినా చెంప మీదికి జారుతుంది.
కల్లూరు స్పీడు బ్రేకరుకు
ఎద్దుకు ఐదో కాలు మొలుస్తుంది.
రబ్బరు తెచ్చుకోలేదు, తేను కూడా.
పెన్న వంతెన మీద మాత్రం బండి నున్నగా పోతుంది,
అక్కడేమో గీయడానికి నీళ్లుండవు.
ఇసుక, ఇసుకలో ట్రాక్టరు చాళ్లు,
ఎందుకొచ్చిందో తనకే తెలీనట్టు ఒక కొంగ.

పగలంతా పెద్దాసుపత్రి ల్యాబులో
ఎర్ర కణాలు, తెల్ల కణాలు, లెక్క.
సీసా మీద పేరు చదువుతాను, ముఖం చూడను.
అందుకే ఈ బొమ్మలు కాబోలని ఒకసారి అనుకున్నాను.
అబద్ధం.
గీస్తే బాగుంటుంది, అంతే.

పామిడిలో ఎక్కుతుంది మాలన్‌బీ,
గుడ్డల మూట కాళ్ల కింద దోపుకొని.
ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్ర.
నలభై టికెట్ల మీద ఉంది ఆమె,
నోరు తెరుచుకొని, కొంగు జారి,
ఒకసారి ఉత్త ముక్కుపుల్లే.

శివరాత్రి ముందర ఒకరోజు మేలుకునే ఉంది.
"ఏమ్మా, దొంగచాటుగా నన్నేం చేస్తాండావు?"
పర్సులో టికెట్లన్నీ తీసి ఇచ్చేసినాను.
ఒక్కొక్కటే దూరంగా పట్టుకొని, కళ్లు చిట్లించి,
బియ్యంలో రాళ్లేరినట్టు చూసింది.
"ముక్కు నాదే. నిద్రా నాదే.
చెవి ఎవురిది?"

కొంగు పక్కకు తీసింది.
ఎడమ చెవితమ్మె రెండుగా చీలి ఉంది,
కమ్మ వేలాడాల్సిన చోట ఉత్త గాలి.
నలభై సార్లు చూసి, నలభై సార్లూ
నేను దాన్ని అతికించేసినాను.
"కుట్లేసేదానికి నువ్వేమన్నా డాక్టరువా?
ఉండేది ఉండేట్టు గీయి."
ఎట్ల తెగిందో చెప్పలేదు. నేనడగలేదు.
గార్లదిన్నె రాకముందే మళ్లీ నిద్రపోయింది,
ఈసారి కొంగు వెనక్కి తోసి,
ఎడమ చెవి నా వైపు పెట్టి.

ఆ చీలిక నాకు పదకొండు రోజులు లొంగలేదు.
గీత అక్కడికి రాగానే
చెయ్యి తనంతట తానే కలిపేస్తుంది.
పన్నెండో రోజు సోములదొడ్డి దగ్గర మేక అడ్డమొచ్చింది.
బ్రేకు. పెన్ను ఎగిరి గీత తెగింది.
అదే సరిగ్గా వచ్చింది.
చూపించినాను. ఏమీ అనలేదు,
మడిచి రవికెలో పెట్టుకుంది.
నా దగ్గర ఇంకో ప్రతి లేదు.

ఇప్పుడు ఎండలు.
అట్టపెట్టె తెరిస్తే పాత టికెట్ల అచ్చు వెలిసిపోయింది.
తేదీ లేదు, గుత్తి లేదు, అనంతపురం లేదు,
సున్నా కూడా లేదు.
తిప్పితే బాల్‌పెన్ను గీతలు అట్లే ఉన్నాయి.
బుడంకాయ, కొంగ, ఐదు కాళ్ల ఎద్దు.

ఈరోజు సీటు దొరకలేదు.
పైన కమ్మీ పట్టుకొని తొమ్మిది చేతులు, ఒకటి నాది.
వన్నూరప్ప టికెట్టు చింపి, కొంచెం ఆగి,
అచ్చు పడని ముక్క ఇంకొకటి లాగి చేతిలో పెట్టినాడు.
"రోలు అయిపోవచ్చిందక్కా, గులాబీ గీత పడతాంది. నీకే."
జానెడు పొడుగుంది.
పామిడి దాకా దాని మీద ఏం గీయాలో తోచలేదు.