ఏడో తూరి

కొర్లగుంటలో మా పోర్షను వాళ్లకి నచ్చింది
మసిబారిన వంటింటి గోడ కోసం.
రంగు కొట్టించమని మూడేండ్లుగా ఓనరుతో నేను పడిన గొడవ
ఒక్క మాటతో కొట్టేసింది చారుమతి: "ఇదే కావాల."
డైరెక్టరంట. ఇరవై తొమ్మిదేండ్ల పిల్ల, కాళ్లకి మొగోళ్ల చెప్పులు.

పాట లేదంట, ఫైటు లేదంట,
ఒక ఆడమనిషి, ఒక పెండ్లి, ఒక వంటిల్లు. అంతే సినిమా.
"దానికి టికెట్టు కొనేదెవురు పాపా?" అంటే నవ్వింది.
రోజుకి రెండువేలు బాడుగ.
మా ఇంటాయన మొగిలయ్య సరే అనేసి
కొండ బస్సు డ్యూటీకి పోయినాడు.

హీరోయిను మంచి పిల్లే.
కానీ సంగటి గెలికే చెయ్యి కాదది.
తెడ్డు పట్టుకుంటే పెన్ను పట్టుకున్నట్టుండాది.
కెమెరా అబ్బాయి తల గోక్కున్నాడు.
చారుమతి నా పక్క తిరిగి
మొహం చూడలేదు, చేతులు చూసింది.

అట్ట నేను సినిమాలో చేరినా,
మోచేతి కాడి నుంచి కిందికి.

హీరోయిను గాజులు నాకు ఎక్కలేదు.
సబ్బు రాసి, చేతిని నలిపి, నాలుగెక్కించి ఒకటి పగలగొట్టినారు.
మణికట్టు మీది మచ్చ చూసి "ఇదేంటక్కా?" అనింది.
నూనె చిందింది అన్నా.
నూనె అంత తిన్నగా, గరిటె కాడంత పొడుగ్గా చిందుతుందా అని
అడగలేదు.
లైటు మాత్రం రొవంత అటు జరిపించింది.

సీనేందంటే,
నూక ఉడకతా ఉండాది, రాగిపిండి పోసినాక
సగం గెలికి, మంట ఆపకుండా,
తెడ్డు అట్నే వొదిలేసి ఆమె ఎల్లిపోవాల.
వాకిలి దాటాల. మళ్లా రాకూడదు.

ఒకటో తూరి చెయ్యి వొదిలింది, వెనక్కొచ్చి మంట తగ్గించింది.
"కట్."
రెండో తూరి మూత పెట్టింది. "కట్."
మూడో తూరి ఏం చేసినానో నాకే తెలీదు, అందురూ నవ్వినారు.
"మాడిపోనీండక్కా, పిండి డబ్బులు మేమిస్తాం" అన్నారు.
పిండి డబ్బులు కాదు నాయనా.
ఇరవై ఆరేండ్లు మాడనీకుండా కాపలా కాసిన చేతికి
ఉన్నపళంగా సెలవంటే యాడికి పోతుంది?
పుట్టింట్లో నేర్పింది దీన్నే. అత్తింట్లో అడిగింది దీన్నే.

ఏడో తూరి చెయ్యి లేచింది,
గాల్లో నిలబడింది,
పొయ్యి పక్కకీ పోలేదు, వాకిలి పక్కకీ పోలేదు.
శానాసేపు ఎవురూ కట్ అనలేదు.

మరుసటేడు గంగ జాతర అయిన వారానికి
మహిళా యూనివర్సిటీలో వేసినారు.
నా నీలం చీర కట్టి మొక్కు తీర్చుకొనొచ్చిన మొగిలయ్య,
కండ్ల అంచున కాటుక ఇంగా పోలేదు,
నా పక్కనే కూర్చున్నాడు.
ముప్పై మంది ఉన్నారేమో. ఏసీ చలికి కొంగు కప్పుకున్నా.

తెర మీద నా చెయ్యి. బస్సంత చెయ్యి.
ఎనక కుర్చీలో మేడమొకామె గుసగుసగా,
"ఆ వణుకు చూడండి, తరతరాల సంకెల."
సంకెల కాదమ్మా, సంగటి అడుగంటతా ఉండింది.
లేకుంటే రెండూ ఒకటేనేమో, నేను చదువుకోలా.

మొగిలయ్య నా పక్కకి వొంగినాడు.
"హీరోయిను బలే చేసిందే," అన్నాడు,
"మేకప్పోడు ఇంగా గట్టోడు.
కాలిన మచ్చ కూడా అచ్చం నిజం మాదిరి పెట్టినాడు."

నేనేమీ అనలా.
చెయ్యి కొంగు కిందికి పోయింది, దానంతట అదే.
మళ్లా బయటికి తీసినా,
రెండు కుర్చీల నడిమి కట్టె మీద పెట్టినా.
చీకటి గదా.

ఆ రాత్రి సంగటి సగం గెలికి
తెడ్డు వొదిలి వాకిట్లోకొచ్చి నిలబడినా.
యాడికో పోదామని కాదు.
మాడు వాసన వాకిలి దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో
ఎప్పుడూ లోపలుండేదానికి తెలీదు గదా,
చూద్దామని.
కొండ మీది లైట్లు వంకరగా, వరసగా.

"ఏందే ఆ వాసన?" లోపల్నుంచి.
రొవంతసేపు ఉండి, పోయినా.
అడుగున మాడు చెక్క పట్టింది, నల్లగా, పళ్లెమంత.
చిన్నప్పుడు చిత్తూరులో దాని కోసం
మా తమ్ముడితో జుట్లు పట్టుకొని కొట్లాడేదాన్ని.
తెడ్డుతో పెచ్చు లేపి, నిలబడే తిన్నా.
ఎవురికీ పెట్టలేదు.