నాలుగో పాట

అబరిస్ట్‌విత్‌లో వాన. మా రికార్డుల కొట్లో
నెరిస్ ప్రోథెరో కొత్త ఆల్బం తిరుగుతోంది:
ఒక గిటారు, ఒక గొంతు,
మధ్యలో బోలెడంత ఖాళీ.

"నిద్రొచ్చింది" అన్నాడు గారెత్, డబ్బు వెనక్కడుగుతూ.
"అయితే ఇలా ఇయ్యి" అని
రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న నర్సు బెథాన్
అదే కాపీ చంకలో పెట్టుకుని పోయింది.

బస్సు నడిపే ఇద్రిస్‌ది ఇంకో గొడవ.
నాలుగో పాటలో కుర్చీ కిర్రుమంటుందట.
"ఆపాటి చప్పుడు చెరిపెయ్యలేరూ? ఒట్టి బద్ధకం!"
తిట్టాడే గానీ రికార్డు తిరిగివ్వలేదు.

నాకైతే మొదటిసారి ఏమీ ఎక్కలేదు.
రెండోసారి, పాట సగంలో
పొయ్యి కట్టేద్దామని లేచాను.
పొయ్యి చల్లగా ఉంది.
మరుగుతున్నది ఆవిడింట్లో నీళ్ళు,
ఏ చలికాలానివో.

నిన్న ఇద్రిస్ మళ్ళీ వచ్చాడు.
తడి టోపీ కౌంటరు మీద పెట్టి
కొనని కవర్లన్నీ తిరగేసి, తిరగేసి,
"అలాంటి కుర్చీ ఒకటుండేది మాకు.
నాలుగు పౌన్లకి అమ్మేశాను" అన్నాడు.

ఎవరు కూర్చునేవారో అడగలేదు నేను.
సూది ఎత్తి
నాలుగో గీత దగ్గర దించాను.