సగమే కడుగు

గురువారం గురువారం
నక్కలగుట్ట పిల్లల దవాఖాన్ల
చేపల తొట్టి కడుగుడు నా పని.

మొదలు ప్లగ్గు పీకాలె.
ఒకసారి మర్శిపోయి చెయ్యి వెడితె
మోచేతిదాంక జివ్వుమన్నది.
అప్పటిసంది పీకిన ప్లగ్గు
నా కండ్లముంగటనే ఉండాలె.

మోటారు బందైనంక తెలుస్తది
గీ హాల్ల ఇంతసేపు ఒక చప్పుడుండెనని.
టోకెన్ల పిలుపు కింద, తల్లుల గుసగుసల కింద
సన్నంగ వారే కాలువ.
చేపలు గూడ ఒక్క గడియ నిలవడ్తయి,
ఎవలో మాట్లాడుకుంట మాట్లాడుకుంట
లేసి పోయినట్టు.

స్పాంజి పిండుత.
చింతపులుసు రంగు నీళ్లు దిగుతయి,
వారం దినాల తిండి, వారం దినాల పెంట.
లోపటి తిరుగుడు ముక్క చిటికెనేలంత.
దాని మెడకు నాచు,
నాచుల ఒక పొడుగు వెంట్రుక.
నర్సమ్మదో,
రాత్రంత పిల్లను భుజానేసుకొని
అద్దం కాడ నిలవడ్డ తల్లిదో.
మా బిడ్డ పాత బ్రష్షుతోని
మెల్లగ విడదీస్త.

కొత్తల నాకేం తెల్వది.
ఇంట్ల గిన్నెలు తోమినట్టె తోమిన.
నల్లా కింద వెట్టి, సబ్బు వెట్టి
స్పాంజిని మల్లెపువ్వు జేసిన.
రింగురాళ్లను మిద్దెమీద
వడియాల లెక్క ఎండవోసిన.
డాక్టరమ్మ మురిసి
యాభై రూపాలు ఎక్కువిచ్చింది.

నాలుగోనాడు తెల్లారంగ
నీళ్లు అద్దమోలె ఉన్నయి.
పదకొండు చేపలు పక్కకు వాలి ఉన్నయి.
"పొరగాళ్లు రాకముందే తియ్యి" అన్నడు
కాంపౌండర్ ఐలోని.
పేపర్ల సుడుతుంటె
ఒకడు అప్పటికే వచ్చి నిలవడ్డడు,
చేతికి సెలైన్ పట్టి,
ఇంకో చేతిల సగం కొరికిన బిస్కిట్టు.
"దవాఖాన్లనే ఉండెగద,
గెట్ల సచ్చినయి?"

ఆ మాట వట్టుకొని
చౌరస్త కాడ మోయిజ్ సాబు దుకాన్లకు పోయిన.
ముసలాయిన వల తుడుసుకుంట విన్నడు,
తలకాయ ఊపిండు.
"ఊరు ఊరంత కడిగేసినవ్ బేటా.
ఆ జిగట్ల కండ్లకు అవుపడనోళ్లు ఉంటరు.
చేపల విషం వాళ్లు తింటరు.
నల్లా నీళ్ల మందుకు వాళ్లే ముందు సస్తరు.
తొట్టి నీళ్లు బకెట్ల తీసుకో,
అండ్లనే కడుగు.
సగమే కడుగు."

ఇప్పుడు రెండే పిండుళ్లు.
మూడోదానికి చెయ్యి గుంజుతది,
మా అమ్మ చెయ్యి గది,
బోళ్ల మీద మసి ఉండనియ్యదు.
ఆపుకుంట.
రింగురాళ్లను ఊకె ముంచి లేపుత,
నిద్రవోయే పిల్లను పక్క మార్చినట్టు.

డాక్టరమ్మ అద్దాలు సదురుకొని సూస్తది:
"ఏందయ్యా, ఇంక గోధుమ రంగే ఉంది?
ముందు తెల్లగ చేస్తుంటివి కద."
చెప్పుదమనుకుంట. టోకెన్ నలభై రెండు
గుక్కవట్టి ఏడుస్తది.
"గంతే మేడం" అంట.

ప్లగ్గు వెడ్త.
మోటారు గాలి మింగి
ఒకసారి దగ్గుతది, రెండోసారి దగ్గుతది.
బెంచి మీద దగ్గుతున్న పిల్ల
ఠక్కున ఆపి ఇటు జూస్తది,
దీనికి గూడ మందు రాసిస్తరా అన్నట్టు.
మూడో దగ్గుకు నీళ్లు అందుకుంటయి.
బుడగలు లేస్తయి.

నా చేతులు మాత్రం
సబ్బు వెట్టి మోచేతులదాంక కడుగుత,
ఒక్కసారి గాదు, రెండుసార్లు.
బండి మీద అదాలత్ దాటేదాంక
వేళ్లల్ల చెరువు వాసనొస్తనే ఉంటది.