ఖాళీ గడి

మౌలాలీ లాండ్రీలో సాయంత్రం ఏడున్నర.
నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు ఒకే ఇనుప బండిలో.
ఒక్కోదాని అంచు మడతలో కుట్టిన
చింతగింజంత చిప్పు.

బండి గేటు దాటే నాలుగు క్షణాల్లో
రీడరు అడుగుతుంది: ఎవరెవరున్నారు?
నాలుగొందల పన్నెండూ ఒక్కపెట్టున
నేనున్నానంటాయి.
మాట మీద మాట పడి
గాలి గుజ్జు గుజ్జవుతుంది.

తెర మీద మూడొందల ఎనభై ఎనిమిది.
తక్కువైన ప్రతి దుప్పటికీ రెండు రూపాయలు
సైదమ్మ జీతంలోంచి.
నిన్న పోయినవి ఇవాళ కనబడతాయి,
ఇవాళ కొత్తవి పోతాయి.
ఇది వింతగా ఎవరికీ తోచలేదు.
"నేను తియ్యలే సారూ, లెక్కవెట్టి ఏసిన"
అని ఆమె అన్నప్పుడల్లా
డ్రయ్యరు అరుస్తుంది,
సూపర్‌వైజరు ఫోను అరుస్తుంది,
వెనక పట్టాల మీద గూడ్సు బండి అరుస్తుంది.

నన్ను పిలిచింది మిషను బాగుచేయమని.
మిషను బాగానే ఉంది.
గడులే చాలలేదు.
చుట్టుకు నూట ఇరవై ఎనిమిది పెట్టి
ఎవరో మర్చిపోయారు,
పది మంది చాప మీద పేటంతా కూర్చున్నట్టు.

ఐదొందల పన్నెండు చేశాను.
ఇప్పుడు ప్రతి చిప్పూ
మనసులో ఒక అంకె అనుకుంటుంది.
దాన్ని ఒకటొకటిగా తగ్గించుకుంటూ
సున్నా దాకా నోరెత్తదు.
తన మాట అందిందని తెలిశాక
ఇంక పలకదు.

ఎంత కుదిర్చినా ఒక చుట్టులో దక్కేది
మూడో వంతుకు కాస్త పైన.
కొన్ని గడుల్లో ఇద్దరు ఢీకొంటారు,
కొన్నింట్లో ఎవరూ ఉండరు.
ఆ ఖాళీలను మాదాపూర్‌లో మా ఆఫీసు
వృథా కింద రాస్తుంది.
నేనూ అలాగే రాస్తూ వచ్చాను.

నాలుగొందల తొమ్మిది. పది. పదకొండు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
సైదమ్మ మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగున తడి ఆరక ముద్దైన దుప్పటిని
లాగి, దులిపి, పైన పరిచింది.
పన్నెండు.

"గుడ్" అన్నాడు సూపర్‌వైజరు.
కోసిన డబ్బుల ఊసెత్తలేదు.

డ్రయ్యరు ఆగింది.
ఫోను జేబులోకి వెళ్ళింది.
గూడ్సు చివరి పెట్టె లాలాగూడ వైపు దాటిపోయింది.
ఆ కాస్త ఖాళీలో
సైదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని
"మూడు నెలలది, సారూ" అంది.

కేబుల్ చుట్టుకుంటున్న నేను
చప్పుడు కాకుండా
ఆగాను.